వదినెకు ఏ బీరు ఇష్టం?

మా వదినె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు జనగామలో మా ఇంటి వాకిట్లో పెసర్లు చెరుగుతున్నాను. చేసింది ఆమె భర్తే. "మీ వదినె లేదమ్మా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నది. కూసున్నట్టే పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యలేదు. అటు వాళ్ళింట్లో ఎవరో ఏడుస్తుంటే వింటూ నేనూ అలాగే నిలబడ్డాను.

వదినె అంటే మా ఆయనకు పెద్దక్క. భూపాలపల్లిలో ఉండేది. ఆమె భర్త అక్కడ బొగ్గు బాయిలో పనిచేస్తాడు. నేను ఆయనను అన్నా అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సు ఒక్కటి కూడా డిపో దాటడం లేదు. మా ఆయన ఆఫీసు కూడా సమ్మెలోనే ఉంది. తెలిసినవాళ్ళ జీపు అడిగి బయలుదేరినం. పరకాల దాటినంక రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి జనం నిరసనగా అక్కడే వంట చేస్తున్నారు. "ఎటు పోతున్నరు? ఇయ్యాల బండ్లు నడువయి" అని ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "సావుకు" అన్నాడు మా ఆయన. ఆ మనిషి ఇంకేం అడగకుండా తానే వంగి రాళ్ళు పక్కకు దొర్లించాడు. అన్నం కలుపుతున్న ఒకామె గరిటె అక్కడే పెట్టి వచ్చి, "సావుకు పోయేటోళ్ళు అన్నం తినరు గని, నీళ్ళన్న తాగుండ్రి" అని చెంబు అందించింది.

సాయంత్రానికి దహనం అయిపోయింది. తెల్లారి పొద్దున, మహబూబాబాద్ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిన మా చిన్నాడబిడ్డ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది. "వదినె, రేపు పిట్టకు పెట్టాలె గద. అక్కకు బీరు పెడుదామా? బావ ఏమంటడో?"

మా వైపు మూడోనాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. పెట్టకపోతే ఆ మనిషి ఆకలితోనే పోయిందని బాధ. మా వదినె విస్తరి బీరు లేకుండా ఎట్లా ఉంటుంది? కానీ దాన్ని పెట్టాల్సింది అన్న. అన్న వాళ్ళ నాయిన సారా తాగి తాగి పోయాడు. అందుకని అన్న జన్మలో చుక్క ముట్టలేదు. వైన్సు ముందు నుంచి పోవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి. అట్లాంటి మనిషిని ఎట్లా అడగాలి?

వదినె తాగుబోతు కాదు. ఆ మాట ముందుగా చెప్పాలి. ఆమెకు రుచి కావాలి, కొత్తది కావాలి, పక్కన మనుషులు కావాలి. పట్టపగలు, అందరి ముందు, తినడానికి ఏదో ఒకటి చేసుకొని, ఒక్క స్టీలు గ్లాసు. అంతే. "ఒక్క తీరుదే రెండో గ్లాసు పోసుకుంటే అది రుచి గాదు, అలవాటు" అనేది. ఆ కట్టుబాటు అన్న కోసమే పెట్టుకున్నదని నాకు చాలా ఏండ్లకు అర్థమైంది. తను నవ్వుతూ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా అన్న ఆమె కాళ్ళ దిక్కు చూసేవాడు, తూలుతున్నాయేమోనని. ఒక్కనాడూ తూలలేదు.

మా పుట్టింట్లో ఎవరికీ ఈ అలవాట్లు లేవు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో దావత్ చేసి అందరికీ కల్లు పోశారు. నేను గ్లాసు పట్టుకొని బిక్కమొహం వేశాను. వదినె పక్కన కూర్చొని, "తాగకున్నా ఏం గాదు పిల్లా. వాసన సూసి ఎట్లున్నదో చెప్పు, సాలు" అన్నది.

"కుడితి వాసనొస్తున్నది" అన్నాను.

మా అత్తగారి మొహం మాడిపోయింది. వదినె మాత్రం చప్పట్లు కొట్టింది. "నిజం చెప్పింది! పులిసిన కల్లు పోసి బాగుందనమంటే ఎట్లంటదే అమ్మా?" అని, తెల్లారి ఎండ రాకముందే అప్పుడే దించిన ఈత కల్లు పట్టించుకొచ్చింది. చల్లగా, లేత కొబ్బరి నీళ్ళలో కొంచెం పులుపు కలిపినట్టు ఉంది. అట్లా చెప్తే, "గిదీ నోరంటే" అని నా భుజం చరిచింది.

ఆమె దగ్గర 'బాగుంది' అనే మాట చెల్లదు. బాగుందని కల్లు పోసినాయనకు చెప్పు, నాకు ఎట్లున్నదో చెప్పు అనేది. నేను బళ్ళో నేర్చుకున్న మాటలతో ఏదో కూడబలుక్కుంటుంటే ఆపేసేది. "పుస్తకంల మాట వద్దు. మన మాట ఇని సినిమాలల్ల నవ్వుకుంటే నవ్వుకోనియ్యి. నీ నాలుక మీద పడ్డది, నీ నాలుకకు వచ్చిన మాటే చెప్పు." మొదటిసారి లైట్ బీరు రుచి చూసి, జొన్న పేలాలు వేయించిన మంగలం వాసన అన్నాను. స్ట్రాంగ్ బీరుకు మా ఆయన "తుప్పు పట్టిన మేకు" అన్నాడు. ఆ పేరే మా ఇంట్లో స్థిరపడింది.

నేను ఒకటి కుదిరితే దాన్నే పట్టుకొని ఉండే మనిషిని. సబ్బు, చాయ్‌పత్తి, బియ్యం, ఏండ్లుగా అవే. లెక్కలు రాసుకోవడానికి కూడా సులువు. వదినె నా అలమార చూసి, "కొత్తది ఒకటి కొని సూడు మర్దలా. నచ్చకుంటే నచ్చలేదని తెలుస్తది గద, గదీ లాభమే" అని ఎగతాళి చేసేది.

ఒక ఎండాకాలం చిన్నాడబిడ్డ ఇంటికి మహబూబాబాద్ పోయినం. గూడూరు దిక్కు అడవి ఊర్ల నుంచి జీలుగు కల్లు తెప్పించారు. జీలుగు కూడా తాడి లెక్కనే ఒక చెట్టు, అడవి పక్కన ఎక్కువ. వదినె ఒక్క గుక్క నోట్లో ఆపుకొని కళ్ళు మూసుకున్నది. ఎంతసేపటికీ తెరవలేదు. "ఏమే, పానం బాగలేదా?" అని అన్న దగ్గరికి వచ్చాడు. "ఆగయ్యా. మాట దొరుకుత లేదు" అన్నది. తర్వాత గ్లాసు ఆయన దిక్కు చాపి, "నువ్వు సూసి చెప్పరాదూ, ఒక్క గుక్క" అని అడిగింది. అన్న తల అడ్డంగా ఊపి పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడ కలిసినా ఆమె ఒకసారి అడిగేది, ఆయన తల ఊపేవాడు. ఇద్దరి మధ్య ఆ మాటకు కోపం ఉండేది కాదు.

ఇంకోసారి బెంగళూరులో కొడుకు దగ్గరికి పోయింది. అక్కడ హోటల్లోనే పెద్ద పెద్ద గంగాళాలు పెట్టి బీరు కాస్తారట. వాడు నల్ల బీరు తాపించాడు. మాకు చూపించాలని స్టీలు క్యాన్‌లో పోయించుకొని, కల్లు తెచ్చినట్టే మూత వదులుగా పెట్టి, బట్ట కట్టి రైల్లో తెచ్చింది. బిగించి పెడితే పొంగి పేలుతుందని ఆమె భయం. రైలు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. బట్ట విప్పి చూస్తే నురగ లేదు, బుడగ లేదు. కషాయం.

"అక్కా, గిది బీరు గాదు, బొగ్గు కడిగిన నీళ్ళు" అన్నాడు మా ఆయన.

"గ్యాసు పోయింది నా తప్పు. రుచి దానిది, యాడికి పోలే. ముయ్యి నోరు, తెరువు నోరు" అని అందరికీ పోసింది.

నేను నాలుక మీద ఆపి, "అడుగంటిన పరమాన్నం" అన్నాను. వదినె నన్ను గట్టిగా పట్టుకుంది. పోయేముందు చెవిలో చెప్పింది. "నాకు అన్నిట్ల ఇదే ఇష్టం. ఎవరికి చెప్పకు."

ఈ ఏడాది ఉద్యమంలో వాళ్ళ దగ్గర రోడ్డు మీద వంటావార్పు పెడితే, చుట్టుపక్కల ఊర్లవాళ్ళు తలా ఒక లొట్టిలో కల్లు తెచ్చారట. వదినె అందరి దగ్గరా గుక్కెడు రుచి చూసి వచ్చి నాకు ఫోన్ చేసింది. "తెలంగాణ అంటే ఒక్క తీరే అనుకుంటున్నరు గని పిల్లా, ఒర్రె దాటితే కల్లు మారుతున్నది. రాష్ట్రం రానియ్యి, ఊరూరు తిరుగుదాం." అదే ఆమెతో నా ఆఖరి పెద్ద మాట.

ఇవన్నీ వంటింట్లో తలచుకుంటుంటే ఒక సంగతి బయటపడ్డది. చిన్నాడబిడ్డ "అక్కకు అన్నిట్ల జీలుగు కల్లే ఇష్టం, నాకు ఒక్కదానికే చెప్పింది" అన్నది. మా ఆయన "లైట్ బీరు. ఎవరికి చెప్పకురా తమ్మీ అన్నది" అన్నాడు. ఒక్కొక్కరికి ఒక్కో తీరుది ఇష్టమని చెవిలో చెప్పి పోయింది ఆ మనిషి. ఏడుస్తూనే నవ్వుకున్నం.

ఇక నేనే అన్న దగ్గరికి పోయి అడిగాను. "అన్నా, రేపు విస్తర్ల వదినెకు..."

ఆయన నేల చూస్తూ, "ఏది ఇష్టమమ్మా ఆమెకు? నేను ఎన్నడు అడుగలే" అన్నాడు. చెప్పులేసుకొని బయటికి నడిచాడు. మా ఆయన వెంట పోబోతే వద్దన్నాడు. అయినా దూరం నుంచి వెనకాలే పోయి చూసి వచ్చి మాకు చెప్పాడు. వైన్సు కిటికీ ముందు అన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడట. ఏం కావాలె అంటే, "మా ఇంటామె తాగేది" అన్నాడట. కొట్టాయనకు వదినె తెలుసు. "అవ్వకు ఒక్కటని ఏముండె పెద్దాయనా, కొత్తది వచ్చిందా అనే అడుగుతుండె" అన్నాడట. అన్న ఉన్నవాటిలో తీరుకు ఒకటి తెచ్చాడు. సంచీని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, రోడ్డు నడుమ నుంచే నడిచి వచ్చాడు.

కల్లు రెండు తీర్లది చుట్టుపక్కల ఊర్ల నుంచి తెప్పించినం. నల్ల బీరు దొరకలేదు. నేను పరమాన్నం వండాను. నా సంసారంలో కావాలని అడుగు మాడ్చింది ఆ ఒక్కసారే.

మూడోనాడు ఒర్రె ఒడ్డున, పారే నీళ్ళ పక్కన విస్తరి పరిచి, గాలికి పడిపోకుండా స్టీలు గ్లాసుల్లో వరుసగా పోసినం. జీలుగు కల్లు, ఈత కల్లు, లైటు, తుప్పు పట్టిన మేకు, ఎవరికీ తెలియని ఒక టిన్ను. మూతలు తీసింది అన్నే. ఎన్నడూ తీసిన చెయ్యి కాదు, మొదటిది సగం నురగై నేల మీద ఒలికింది. కాకి తొందరగానే వచ్చింది. ఏ గ్లాసు దగ్గరికి పోతుందోనని అందరం చూసినం. అది విస్తరిలో పెట్టిన మేక కార్జం ముక్క నోట కరుచుకొని ఎగిరిపోయింది.

"సూడు, ఇప్పుడు గూడ చెప్పకపాయె" అన్నది చిన్నాడబిడ్డ ముక్కు తుడుచుకుంటూ.

మిగిలింది అందరం తలా గుక్కెడు పంచుకుంటున్నప్పుడు అన్న కూడా చెయ్యి చాపాడు. మా ఆయన లైట్ బీరు కొంచెమే పోసి ఇచ్చాడు. అన్న జ్వరం మందు తాగినట్టు కళ్ళు మూసుకొని ఒక్క గుక్క తీసుకున్నాడు. మొహం ముడుచుకున్నాడు కానీ ఉమ్మలేదు. నోట్లో ఆపుకున్నాడు. మింగినంక, తలకాయ వంచి, విస్తరితో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"బాయిలకు దిగంగ మొదాలు ఒక వాసనొస్తది సూడే... తడి బొగ్గుది, సల్లగ. గట్లున్నది."

గ్లాసు చేతిలోనే పెట్టుకొని మిగిలిన మాట కోసం వెతుక్కుంటున్నట్టు నిలబడిపోయాడు. మీసం మీద తెల్లగా నురగ అంటింది. అది దానంతట అదే ఆరిపోయేదాకా, తుడుచుకొమ్మని మాలో ఎవరమూ చెప్పలేదు.