పెద్దమ్మ వంతు

మొన్న హిందూపురం పోతుంటే పెనుకొండ దాటాక ఒక ట్రాక్టరు ఎదురొచ్చింది. వెనక ట్రాలీలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, దానికి అటూ ఇటూ తలగుడ్డలు చుట్టుకుని కూర్చున్న నలుగురు రైతులు. రోగిని ఆసుపత్రికి తీసుకుపోతున్నవాళ్లలా ఉన్నారు. బస్సు కిటికీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి కొడుతోంది. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మది పెనుకొండ దగ్గరి పల్లె. పెదనాన్న పోయాక రెండెకరాల మల్బరీ తోట, ఒక బోరు, ఒక పట్టుపురుగుల షెడ్డు ఆమెకు మిగిలాయి. మనుషులతో పొదుపుగా, పురుగులతో ధారాళంగా మాట్లాడేది. పురుగులకు పడదని సెంటు పూసుకొచ్చినవాళ్లను షెడ్డు గుమ్మం దగ్గరే ఆపేసేది. ధర్మవరంలో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరునని నాకు మినహాయింపేమీ లేదు. కాళ్లు కడుక్కుంటేగాని లోపలికి రానిచ్చేది కాదు.

ఆ ఏడు వేసవి సెలవులకు నేను పోయేసరికి వాళ్ల పొలాల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, బాగుచేయించి తెచ్చి రెండు రోజులైంది. దాని కింద ఎనిమిది మోటర్లు. అన్నింటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే, పక్కన మనిషి లేకున్నా, ఎనిమిదీ ఒక్కసారిగా లేచేవి. ఈ ఎండలకు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి నూనె చల్లారడమే లేదని, మళ్లీ కాలితే ఎన్నాళ్లకు బాగవుతుందో తాను చెప్పలేనని లైన్‌మన్ అనేసి పోయాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ రైతులందరినీ షెడ్డు బయట కూర్చోబెట్టింది. ఆటో స్టార్టర్లు తీసేయాలని, రెండేసి మోటర్లు వంతులవారీగా ఆడించాలని, ఎవరి వంతులోనైనా కరెంటు పోతే ఆ వంతు పోయినట్టేనని చెప్పింది. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆమె మరిది అడిగాడు.

"నీ పురుగులకు నీళ్లు కావల్సొస్తే నువ్వు మాత్రం ఆపుతావా వదినా?"

"నా వంతు గాకుంటే నా మోటరు గూడా నిలిచే ఉంటాది," అంది పెద్దమ్మ.

వారం బాగానే జరిగింది. అప్పటికి పురుగులు నాలుగో జ్వరం లేచాయి. చర్మం విడిచేముందు అవి తినడం మానేసి పడుకుంటే మావైపు జ్వరమంటారు. ఇంక కొన్ని రోజులు ఆకు తింటే గూళ్లు కట్టేస్తాయి. ఆ రోజు సరిగ్గా పెద్దమ్మ వంతులోనే కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, వంతు మరిదిది. మా తొట్టిలో అడుగు కనిపిస్తోంది. షెడ్డు చల్లగా ఉండాలని కిటికీలకు కట్టిన తడి గోనెపట్టాలు ఎండి బిరుసెక్కాయి. షెడ్డు నిండా వినిపించే ఆకు నమిలే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. నేను స్టార్టరు పెట్టె దగ్గరికి పరుగెత్తాను. పెద్దమ్మ వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టొద్దు. ఈపొద్దు మనం ఏస్తే రేపు ఎనిమిదీ లేస్తాయి."

మరిదిని నీళ్లడుగుదామన్నాను. ఆయన చేను కూడా వాడిపోతోందని చెప్పి బిందె ఎత్తుకుంది. ఊళ్లో కొళాయి దగ్గర్నుంచి ఇద్దరం మోస్తూనే ఉన్నాం. మరిది గట్టు మీద నిలబడి అరగంట చూశాడు. తరువాత తన వేరుశనగ చేనుకు పారుతున్న పైపు ఈడ్చుకొచ్చి గోనెపట్టాల మీదికి తిప్పాడు.

సగానికి పైగా పురుగులు చచ్చిపోయాయి. హిందూపురం మార్కెట్టుకు ఆసారి రెండు సంచుల గూళ్లు మాత్రమే పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆ వేసవంతా నిలిచింది. పెద్దమ్మ తన మోటరు ఆపుకుందన్న మాట ఊళ్లో తిరిగాక ఎవరూ వంతు తప్పలేదు. మరిదితో ఆమె నెలరోజులు మాట్లాడలేదు. పైపు తెచ్చినందుకు కాదు, ఆలస్యంగా తెచ్చినందుకు. ఆయన ఆ నెలంతా ఎవరైనా మళ్లీ ఆటో పెట్టారేమోనని స్టార్టరు పెట్టెలన్నీ తెరిచి చూస్తూ తిరిగాడు.

చాలా కాలానికి, ఆ రోజు మోటరు వేసుంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపించిందా అని పెద్దమ్మను అడిగాను.

"అనిపిస్తాది. ఇప్పుడు గూడా అనిపిస్తాది," అని మళ్లీ ఆకు కోయడంలో పడిపోయింది.

ఆమె పోయి నాలుగేళ్లవుతోంది. నేను చూసిన ఎండాకాలాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మరిది గట్టు మీద నిలబడ్డ ఆ అరగంట మాత్రం నాకింకా గడవలేదు.