టికెట్ తీసుకున్నాడు

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. పొద్దున ఆరూ యాభైకి నరసరావుపేటలో పొయ్యి మీద పాలు చూసుకుంటుంటే, మాచర్ల నుంచి సాంబ్రాజ్యం అత్త చేసింది. మా బాబాయి పక్కింటావిడ.

"మీ బాబాయి టికెట్ తీసుకున్నాడమ్మా. నువ్వు..."

అంతే, తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

మా వైపు ఆ ఇంగ్లీషు ముక్కకు లేని అర్థం లేదు. సినిమాకు టికెట్, ఎన్నికల్లో నిలబడాలన్నా టికెట్. కండక్టర్లకైతే మనిషే ఒక టికెట్. ఎవరైనా పోతే టికెట్ తీసుకున్నాడంటారు. పోయిన నెల వాళ్ళ బావగారి చావు కబురు కూడా అత్త ఇదే మాటతో చెప్పింది. మా బాబాయిది ఒంటరి బతుకు, గుండె జబ్బు, పైగా సెల్లు లేదు. పొయ్యి కట్టేసి బస్టాండుకు పరుగెత్తాను.

ఏడుంబావుకి మాచర్ల బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితం. ఆధార్ చూపిస్తే సున్నా వేసిన చీటీ చేతిలో పెడతారు. ఆ చీటీ పట్టుకోవాలంటేనే నాకు భయం వేసింది.

కండక్టర్ తలలు లెక్కపెట్టి నా దగ్గర ఆగాడు. "ఒకటి తగ్గిందే! ఈ సీట్లో టికెట్ పోయిందా?"

నా పక్క సీట్లో తువ్వాలు ఒకటే ఉంది. నేనెక్కినప్పటి నుంచీ అక్కడ ఎవరూ లేరు.

"పొద్దున్నే అయ్యేం మాటలయ్యా! దిగాడా అని అడుగు," అని వెనక ముసలమ్మ కసిరింది.

ఎనిమిదిన్నరకు పిడుగురాళ్ళ. సున్నం బట్టీల పొడితో దారంతా తెల్లగా ఉంది. అందులోంచి ఎదురుగా ఒక బస్సు వచ్చింది. కిటికీకి తల ఆనించి ఎవరో ముసలాయన. ఆ పూట నాకు నిద్రపోయేవాళ్ళెవరూ నిద్రపోతున్నట్టు కనిపించలేదు. మొహం తిప్పుకున్నాను.

గురజాలలో టిఫినుకు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, అటు వెళ్ళేవాళ్ళు తినొచ్చు. నేను మాత్రం ప్లేటు అట్టాగే వదిలేసి బస్సెక్కాను.

మాచర్ల చేరేసరికి పది కావస్తోంది. బాబాయి ఇంటికి తాళం. జనం లేరు, ఏడుపు లేదు. అత్త ఎదురొచ్చి నోరు తెరిచింది.

"ఏందే, నువ్విక్కడ? ఇంటికాడే ఉండమని చెబుతుంటే ఛార్జింగ్ అయిపోయె! మీ బాబాయి నిన్ను చూట్టానికే వస్తన్నాడు. నేనే బస్సెక్కిచ్చా. నా కళ్ళ ముందే టికెట్ తీసుకున్నాడు."

అత్తను వాటేసుకున్నాను, ఆ నోటిని తిట్టాను, ఏడుస్తూనే నవ్వాను. వెంటనే మా ఆయనకు ఫోన్ చేసి, "బాబాయి వస్తున్నాడు, స్టాండుకెళ్ళండి," అన్నాను.

పదింబావుకి తిరుగు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. పొద్దున కళ్ళకు ఆనని చేలన్నీ ఇప్పుడు చక్కగా కనిపించాయి.

రెంటచింతల దాటాక మా ఆయన ఫోన్ వచ్చింది.

"బస్సు ఎప్పుడో వచ్చింది. అందరూ దిగారు, బాబాయి లేవలా. నిద్రపోతున్నాడనుకున్నారంట. ఆస్పత్రికి తెచ్చాం గానీ, బస్సులోనే అయిపోయిందన్నారు. గుప్పిట్లో టికెట్ అట్టాగే ఉంది."

పొద్దున లేని చావుకు నేను పరుగెత్తాను. అదే దారిలో బాబాయి నా కోసం ఎదురొచ్చాడు.

ఇంతలో మళ్ళీ ఫోన్ మోగింది. అత్త.

"ఏమే, చేరాడా మీ బాబాయి?"

మా ఊళ్ళలో చావుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. పొద్దున ఆమె అన్న మాట కూడా.

"బాబాయి చచ్చిపోయాడత్తా," అన్నాను.