గ్రాఫ్ పేపర్ మీద అఖిల నింపిన డబ్బలు

2022. కరోనా సెలవులు పోయి బడులు మల్ల ఒక దారికి వచ్చిన ఏడాది. సిరిసిల్ల దిక్కు ఒక సర్కారు హైస్కూల్ల నేను లెక్కల టీచర్‌ను. అప్పటికే ఆ బడిల పదకొండేండ్లయింది. మాది మంథని. వరి నాట్లు తెలుసు గని బట్ట నేసే ముచ్చట నాకేం తెల్వది. పవర్‌లూమ్‌లను ఇక్కడ సాంచాలంటరు. బడి గోడ అవతల పొద్దంత టకటక కొట్టుకుంటనే ఉంటయి. ఆ చప్పుడు మీద చెప్పీ చెప్పీ నా గొంతు పెద్దగైంది. గొంతే గాదు, నోరు సుత జర పెద్దదే. ముందే చెప్తున్న, ఈ ముచ్చట్ల తప్పు నాదే.

పదో తరగతి పరీక్షల గ్రాఫ్ లెక్కంటే మా టీచర్లకు ప్రాణం. రెండు సమీకరణాలిస్తరు. ఎక్స్‌కు ఒక విలువ వేస్తే వై ఎంతొస్తదో పట్టిక రాయాలె. ఆ జతలను గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెట్టి, చుక్కలను కలిపి గీతలు గియ్యాలె. రెండు గీతలు కోసుకున్న కాడ జవాబు. సమీకరణం, పట్టిక, గీత, మూడూ ఒకటే సంగతిని మూడు తీర్ల చెప్తయి. దీన్ని మల్టిపుల్ రిప్రజెంటేషన్ అంటరని ట్రైనింగుల విన్న. విని, చప్పట్లు కొట్టి, చాయ తాగి ఇంటికొచ్చిన. గంతే. లెక్కలు రాని పిల్లలు సుత గ్రాఫ్ వేస్తే గట్టెక్కుతరని మాకు గట్టి నమ్మకం.

ఆగస్టుల యూనిట్ టెస్ట్ పెట్టిన. ఒక సమీకరణం y = x + 1, ఇంకొకటి x + y = 5. పేపర్లు దిద్దుకుంట అఖిల పేపర్ కాడ ఆగిన. చుక్క లేదు, గీత లేదు. గ్రాఫ్ పేపర్ మీద డబ్బలు, అంటే ఆ చిన్న చిన్న గళ్లు, పెన్సిల్‌తోని నిండా నింపింది. మెట్లు మెట్లుగ ఒక వరస పైకి పోయింది, ఇంకో వరస కిందికొచ్చింది. కింద జవాబు మాత్రం ఎక్స్ రెండు, వై మూడు అని రాసింది. జవాబు కరెక్టే! బొమ్మ తప్పు, జవాబు కరెక్టు అంటే ఇంకేముంది, పక్క పేపర్ చూసి కొట్టిందనుకున్న.

మర్నాడు క్లాసుల లేపి నిలబెట్టిన. "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ముగ్గులేసుకోనీకి ఇచ్చిన్నా గ్రాఫ్ పేపర్? జవాబు ఎవల దాంట్ల చూసినవ్?" అన్న. క్లాసంత నవ్విండ్రు. సున్నా వేసి, గ్రాఫ్ ఇడిసిపెట్టి బట్టీ పట్టే లెక్కలు చేసుకోమని చెప్పిన.

వారం తిరిగిందో లేదో వాళ్లమ్మ లలిత బడికొచ్చింది. జుట్టు మీద, రవిక మీద దూది పోగులు. కూసోమంటె కూసోలే.

"మేడం, మా పెద్దది మౌనిక గీ బడిలనే లెక్కలల్ల ఫెయిలై కండెల కాడ కూసుంది. గీ చిన్నది సుత గట్లనే అయితదంటె ఇప్పుడే చెప్పుండ్రి. దసరా నుంచే పనిల పెడ్త. ఉట్టిగ ఆశ పెట్టకుండ్రి."

కండెలంటే సాంచల అటిటు ఉరికే నాడెల పెట్టే చిన్న దారపు కట్టలు. వాటిని చుట్టే పనిలకు ఆడపిల్లలు ఒక్కసారి పోతె మల్ల బడి మొహం చూసుడు తక్కువ. ఆ సంగతి నాకెరుకే. అయినా నా బుద్ధి ఏడికి పోతది? "గ్రాఫ్ పేపర్ మీద డబ్బలు నింపుతున్నది చెల్లె, ఏం చెప్పాలె?" అన్న.

"డబ్బలు నింపకపోతె ఏం చేస్తరు మేడం?" అన్నది లలిత విడ్డూరంగ. "కొత్త డిజైన్ వస్తె వాళ్ల బాపు గ్రాఫు దానికే ఇస్తడు. ఆయన కంటె అదే లెస్స చదువుతది."

గ్రాఫు చదువుడా? ఇంట్లనా, తండ్రి కంటె లెస్సనా? దసరా దాంక ఆగమని లలితను పంపిన గని మనసంత అక్కడనే ఉండె. ఆదివారం పొద్దున్నే వాళ్ల షెడ్డుకు పోయిన.

నాలుగు సాంచాలు. మౌనిక ఒక మూలకు కండెల మిషన్ కాడ ఉన్నది, నమస్తే అని మల్ల పనిల పడ్డది. అఖిల నన్ను చూసి బెదిరింది. "కొట్టనీకి రాలే, నేర్చుకోనీకి వచ్చిన" అన్నంక గోడకు తగిలిచ్చిన కవర్ల నుంచి ఒక కాగితం తీసింది. అచ్చం మా గ్రాఫ్ పేపరే. చీర అంచు డిజైన్ దాని మీద ఉన్నది, అన్నీ నింపిన డబ్బలే.

సాంచాల చప్పుడుకు చెవి కాడికొచ్చి చెప్పింది: "నిలువు వరస పడుగు పోగు మేడం. అడ్డం వరస పేక. ఎడమ దిక్కు కింది మూల నుంచి లెక్కపెట్టాలె. డబ్బ నింపితె ఆ పోగు పైకి లేస్తది, పేక దాని కిందికెళ్లి పోతది. నింపకపోతె పోగు కిందనే ఉంటది. గిది చూసుకుంట బాపు డాబీకి పెగ్గులు కొడ్తడు." డాబీ అంటే సాంచ మీద పోగులను లేపే పెట్టె.

నా సంచిల నుంచి దాని టెస్ట్ పేపర్ తీసిన. "మరి గిది?"

"రెండు, మూడు అంటె రెండో పోగు, మూడో పేక. గా డబ్బ నింపిన. రెండు డిజైన్లు ఒకదాని మీద ఒకటి వేస్తె ఏ డబ్బ రెండింట్ల పడ్డదో గదే జవాబు. గది రెండుసార్లు దిద్దిన చూడుండ్రి."

చూసిన. నిజమే, ఆ ఒక్క డబ్బ నల్లగ మెరుస్తున్నది. దిద్దినప్పుడు నా కండ్లు ఏడికి పోయినయో! పిల్ల కాపీ కొట్టలే. నేను నేర్పిన దాన్ని తనకు తెలిసిన లిపిల చదివింది. వీళ్లింట్ల గ్రాఫ్ పేపర్ల ప్రాణమంత డబ్బల ఉంటది, గీతలు ఉట్టి గోడలు. నా దగ్గర ప్రాణమంత గీతలు కలిసే కాడ ఉంటది, డబ్బ ఉట్టి ఖాళీ జాగ. కాగితం ఒకటే. ఆ సంగతి నేనెన్నడు చెప్పలే, నాకు చెప్పాలని సుత తోచలే.

"మరి పట్టికల రాసిన సున్నా జతకు డబ్బ ఎందుకు నింపలే?"

అఖిల నన్నే అడిగింది: "సున్నా పోగు ఏడుంటది మేడం? పోగులు ఒకటి నుంచే గద షురూ అయ్యేది?"

ఇరవై ఏండ్ల సర్వీసుల నన్నెవ్వలు అడగని ప్రశ్న. "రేపు చెప్త" అని తప్పించుకొని వచ్చిన. ఆ రోజంత నా ధ్యాస గా సున్నా పోగు మీదనే. పరేషాన్ గాదు, ఒక తీరు హుషారు.

సోమవారం బుద్ధిగ ఆరిజిన్, ఎక్స్ యాక్సిస్ అని బోర్డు మీద చెప్పిన. "సరే మేడం" అన్నది గని మొహంల వెలుగు లేదు. ఇగ వేరే తొవ్వ పట్టిన. x + y = 4 ఇచ్చి, రెండోది పాతదే y = x + 1 ఉంచి, "నీ డబ్బలతోనే చెయ్యి" అన్న.

మధ్యాహ్నం అన్నాల టైముకు పేపర్ పట్టుకొని వచ్చింది. "ఏ డబ్బ కలుస్తలేదు మేడం. ఒకటి రెండోదాన్ని దాటిపోతున్నది గని కలుస్తలే. ఒకటో పోగుకు, రెండో పోగుకు నడుమ ఏడనో కలవాలె. నడుమ ఏముంటది? ఒకటిన్నర పోగు ఉండదు గద."

"పోగు ఉండదు" అని, దాని చేతుల ఉన్న స్కేలు చూపెట్టిన. "దీని మీద ఒకటిన్నర ఉన్నదా?"

"ఉన్నది."

"సున్నా?"

వేలు పెట్టి చూపెట్టింది. కాసేపు స్కేలును, పేపర్‌ను మార్చి మార్చి చూసింది. పక్కకు పెట్టిన కంచంల అన్నం సల్లారింది. మల్ల తనే అన్నది: "మేడం, పోగులను లెక్కపెడ్తం. బట్టను కొలుస్తం. మీ గ్రాఫు కొలిచేదా?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బీఈడీల నేను చదివిన పుస్తకాలన్నిట్ల లేని మాట! లెక్కపెట్టుడు ఒకటి నుంచి షురూ అయితది, కొలుచుడు సున్నా నుంచి షురూ అయితది. అన్నం తినుడు మరిచిపోయి చుక్కలు పెట్టింది, గీతలు గీసింది. ఒకటిన్నర, రెండున్నర కాడ గీతలు కోసుకున్నయి. సమీకరణంల ఆ విలువలు వేసి సరిచూసింది. "అరె, కలిసినయి!" అని గట్టిగ అరిచింది.

ఒక్కరోజుల అంత సర్దుకున్నదని చెప్తె అబద్ధమైతది. ఇంక పది రోజులు చుక్క పెట్టుడు మరిచి డబ్బే నింపేది, నాలుక కరుచుకొని చెరిపేది. ఒకరోజు దాన్నే బోర్డు కాడికి పిలిచి, సాంచ గ్రాఫు, బడి గ్రాఫు పక్కపక్కన గీసి చెప్పమన్న. ముందుగాల నేను క్లాసుకు చెప్పిన: "గా రోజు అఖిల చూసి రాయలే. నేనే చూడకుండ మాట్లాడిన." ఆ పిల్ల చెప్తుంటె నేత ఇండ్ల పిల్లలు సగం మంది లేచి నిలవడ్డరు. "మెట్టుకు ఒక డబ్బ పైకి పోతె గీత వాలుగ ఉంటది, రెండు పోతె ఇంకింత నిటారుగ ఉంటది" అని అది చెప్పింది. స్లోప్ అనే పాఠాన్ని నేను అంత నున్నగ ఎన్నడు చెప్పలే.

దసరాకు లలిత మల్ల వచ్చింది. "ఫికర్ పడకు చెల్లె, నా మాట మీద బడిలనే ఉంచు" అన్న. ఉంచింది.

అఖిల పాసైంది. పాలిటెక్నిక్‌ల సీటొచ్చిందని తెలిసినంక షెడ్డుకు పోయిన. లలిత నా చెయ్యి పట్టుకొని ఇడుస్తలేదు. మౌనిక కండెల మిషన్ ఆపి నా దగ్గరికొచ్చింది.

"మేడం, నేను గూడ డబ్బలే నింపిన."

"ఎప్పుడు?"

"పదిల. మీ క్లాసే. పేపర్ మీద అడ్డంగ గీత కొట్టిండ్రు. గ్రాఫ్ నీకు రాదు, ఇడిసిపెట్టు అన్నరు."

ఎంత తవ్వుకున్నా ఆ పేపర్ నాకు గుర్తుకు రాలే. "నాకు యాదికొస్తలేదు మౌనికా" అన్న.

"నాకు యాదున్నది మేడం."

కోపంగ అనలే. తిట్టినా బాగుండు. ఓపెన్ స్కూల్ల పరీక్ష ఫీజు కట్టు, పాఠాలు నేను చెప్త అన్న. "చూస్త మేడం" అని మిషన్ కాడికి పోయింది. ఆమె కట్టేదాంక నేను పోతనే ఉంట, అడుగుతనే ఉంట.

ఇప్పుడు ఏ పిల్ల పేపర్ల వింత బొమ్మ కనవడ్డా ఎర్ర పెన్ను పక్కకు పెట్టి పిల్లను పిలుస్త. తప్పు అయితే తప్పే, దిద్దుత. గని ఏ లిపిల రాసిందో తెలుసుకున్నంకనే దిద్దుత. అఖిల దగ్గర నేర్చుకున్న పాఠమిది. ఇందుల గొప్పేం లేదు. మౌనిక పేపర్ మీద గీత కొట్టేముందు ఒక్క మాట అడిగితె సరిపోతుండె: "ఇదేంది బిడ్డా, జర నాకు చెప్పు."