గోపాలకృష్ణమూర్తి మేస్టారి శాంతి విధానం

ఎక్కడ ఎవరి గొడవ సర్దుకున్నా కంగారుపడే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. భీమవరంలో ఎకనమిక్స్ లెక్చరరుగా రిటైరైన మా గోపాలకృష్ణమూర్తి మేస్టారు. టీవీలో ఏ దేశంలో కాల్పులు ఆగాయన్నా అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆగింది సరే, సైనికుడికి రేపటి నుంచి పనేంటి?" అంటారు. యుద్ధం నుంచి శాంతికి మళ్ళేటప్పుడు ప్రభుత్వం ఏం చెయ్యాలన్నది ఆయన ప్రాణం పెట్టి చెప్పిన పాఠం. అది వింటూ మెలకువగా ఉన్నవాడు మా బ్యాచ్‌లో లేడు.

ఇంట్లోనూ అదే పాలసీ. భార్య అమ్మణ్ణిగారితో పోట్లాడి రాజీ పడ్డాక ఒక్కసారిగా కబుర్లు మొదలెట్టరు.

"ఆంక్షలన్నీ ఒకేసారి ఎత్తేస్తే మార్కెట్ తట్టుకోదు అమ్మణ్ణీ. ఇవాళ కాఫీ వరకే మాట్లాడుకుందాం."

"అలాగేనండి. కూర సంగతి రేపు. అంచేత ఇవాళ కూర లేదు."

పోయిన వేసవిలో పల్లంరాజు రొయ్యల చెరువులోంచి ఉప్పునీరు విశ్వనాథరాజు వరిచేలోకి ఊరుతోందని పెద్ద తగాదా వచ్చింది. అవతలివాళ్ళు గట్టు తెగ్గొడతారేమోనని ఇద్దరూ చెరో కాపలా మనిషిని పెట్టుకున్నారు. చెరువు వైపు అబ్బులు, చేను వైపు ముసలయ్య. ఒకరినొకరు తిట్టుకోవడమే వాళ్ళ ఉద్యోగం.

చివరికి రాజులిద్దరూ తమ పాత మేస్టారి దగ్గరికే పంచాయితీకి వచ్చారు. మధ్యలో బోదె తవ్వి ఉప్పునీటిని మురుగు కాలవలోకి మళ్ళించాలని ఒప్పందం కుదిరింది. పూతరేకులు పంచారు. అందరూ నవ్వుతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డ కాపలావాళ్ళ మొహాలు మాత్రం వాడిపోయాయి.

"అంటే... మళ్ళీ కొట్టుకోరాండీ?" అన్నాడు అబ్బులు ఆశగా.

మేస్టారు పూతరేకు పక్కన పెట్టేశారు. "ఒప్పందం సరేనయ్యా, సైనికుడికి రేపటి నుంచి పనేంటి?"

"శాంతి వచ్చాక కాపలా ఎందుకండీ మేస్టారూ?" అన్నాడు పల్లంరాజు.

"బోదె పూడిపోతే మళ్ళీ యుద్ధమే. దాన్ని చూసుకునే పని వీళ్ళిద్దరిదీ, జీతం మీ ఇద్దరిదీ."

రాజులిద్దరూ నసిగారు.

"అర్థం కాలేదా? పాఠం మొదటినుంచీ చెప్పనా?"

"వద్దండీ! పెట్టుకుంటామండీ!" అని ఒక్క గొంతుతో అరిచారిద్దరూ.

ఇన్నాళ్ళూ ఆయన్ని శాంతి గిట్టని మనిషనుకున్నాం. సంబరంలో ఎవరి మొహం వాడిందో వెతకడమే ఆయన జబ్బని ఆ రోజు తెలిసి, ఆ జబ్బు మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అబ్బులూ ముసలయ్యా ఇప్పుడు కలిసి బోదెలో పూడిక తీసి, గట్టు మీద ఒకే క్యారేజీలో అన్నం తింటున్నారు.

మొన్న వెళ్ళేసరికి ఊళ్ళో తగాదాలేవీ లేక మేస్టారు దిగాలుగా కూర్చుని ఉన్నారు. అమ్మణ్ణిగారు కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి, "నిన్న నా పులుసులో ఉప్పెక్కువైందన్నారు. ఆ సంగతి ఇంకా తేలలేదు" అన్నారు.

మేస్టారి మొహం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఆవిడ నా వైపు వంగి మెల్లగా అన్నారు. "లేకపోతే ఈయనకి రేపటి నుంచి పనేంటి బాబూ?"