నల్లబట్ట కింద మా ఇంటాయన

మొగన్ని పేరు పెట్టి పిలిస్తె ఆయుష్షు తగ్గుతదని మా అవ్వ చెప్పేది. అందుకే నేనెన్నడు మా ఇంటాయన పేరు నోట్లెకు రానియ్యలే. కొత్తల "ఇగో, ఇంటున్నవా" అంటుంటి. బిడ్డ నర్మద పుట్టినంక "నర్మద బాపూ" అనుడు అలవాటైంది.

ఆయన మగ్గం ఇడిసిపెట్టి పెద్దపల్లిల ఫోటో దుకాణం పెట్టిండు. పెండ్లి ఫోటోలతోని ఇల్లు గడిచేది గని, మనసంత పిట్టల మీదనే. ఆంధ్రప్రదేశ్ అయినంక మంచిర్యాల దిక్కు గోదారి మడుగుల పిట్టలను కొట్టొద్దని సర్కారోళ్లు బోర్డు పాతిన్రు. ఇగ చూస్కోండ్రి, కొంగలకు పండుగ, మా ఆయనకు పిచ్చి! మడుగుల మొసలి ఉన్నదని బెస్తోళ్లు మొత్తుకుంటే చెవిటోని ముంగట శంఖమూదినట్టే. ఒక్కన్ని పంపాల్నంటే నాకు భయం. ఆ చలికాలం నేను సుత ఎంట పోయిన.

"నువ్వు కిక్కురుమంటివా, పిట్టలన్ని లేస్తయ్" అని నన్ను ఒడ్డు మీద కూసోబెట్టిండు. ఎదురుంగ ఇసుక దిబ్బ పక్కన ఒక దుంగ పడి ఉన్నది. మోకాళ్ల లోతు నీళ్లల్ల మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరా ఎనుక నల్లబట్ట కప్పుకొని తల దూర్చిండు. బట్ట కింద అద్దంల అన్నీ తలకిందులు కనవడ్తయట. పక్కన ఏమైతుందో మాత్రం కనవడదు. ఒక ఫోటో తీసి, ఫోటో పడ్డ గాజు పలకను దాని పెట్టెల మూసి నా చేతికిచ్చి, మళ్ల పోయి బట్టల దూరిండు.

గప్పుడు చూసిన. ఇసుక దిబ్బ పక్కన ఇందాకటి దుంగ లేదు. నీళ్లు సన్నగ చీలుకుంట ఆయన దిక్కే వస్తున్నయ్!

దిగ్గున లేచిన. "నర్మద బాపూ!" అన్న.

"సప్పుడు జెయ్యకే" అన్నడు బట్ట కిందనుంచే.

మొసలి అందామంటే నోటికి అలవాటైన పిలుపే వచ్చింది. "నర్మద బాపూ!" మళ్ల పిలిస్తె చెయ్యి ఊపిండు, ఉండమని. ఆయన కాళ్ల దగ్గరనే రెండు కండ్లు నీళ్ల మీదికి తేలినయ్.

"అంబదాసూ!"

ఎట్లొచ్చిందో ఏమో! ఆయన బిత్తరపోయి బట్ట ఇసిరేసి, "ఏమంటివే?" అనుకుంట నా దిక్కు రెండడుగులు ఏసిండు. ఎనుక నీళ్లు ఎగిసిపడ్డయ్. స్టాండు, కెమెరా, నల్లబట్ట అన్నీ మొసలి గుంజుకపోయింది. కొంగలన్ని ఒక్కపారి లేచినయ్.

నా చేతిల మిగిలిన పలక ఫోటో ఇప్పుడు దుకాణంల గోడకున్నది. వచ్చినోళ్లు కొంగలను చూసి అబ్బ అంటరు. నేను ఫోటోల మూలకున్న దుంగను చూస్త.

"ఇంకోపారి పేరు పెట్టి పిలువే, మంచిగుండె" అని ఆయన నవ్వుతడు. నాకు నవ్వు రాదు. అవ్వ మాట నిజమో అబద్ధమో ఎవలకెరుక? మొన్న బువ్వ తినుకుంట ఆయన పొలమారి దగ్గిండు, గంతే. నీళ్లిచ్చుడు మర్చిపోయి, నా నోరు నేనే గట్టిగ మూసుకున్న.