శంకర్‌కు నీళ్లు పోసిందెవరు

కరోనా తగ్గి జనం మాస్కులు తీసేసిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. గోదావరిఖనిలో ఎండాకాలమంటే ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల మీద నుంచి వచ్చే గాలికి కళ్లు తెరవలేం. మార్కెట్లో నా ముందున్న తోటకూర పొద్దు ఎక్కకముందే తలవాల్చేస్తుంది. నేను కూరగాయలమ్ముకునే మనిషిని. దాంతోపాటు పౌరహక్కుల సంఘం మా ఊరి శాఖలో పనిచేస్తాను. ఆ పనికి జీతం లేదు, కుర్చీ లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

నా పెనిమిటి భూమి లోపలి బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆనాడు మా వాకిట్లోకి ఎందరో వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒక కాగితం చాపి వేలిముద్ర వెయ్యమన్నాడు. ఏ కాగితమూ చాపకుండా "ఏం జరిగిందో చెప్పు తల్లీ" అని కూర్చున్నవాళ్లు ఈ సంఘం వాళ్లే. అందుకే వీళ్లతో కలిశాను. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. ఇది కూడా నేను చెప్తుంటే మా పంతులు సార్ రాస్తున్నాడు. "జర కోపం తగ్గించుకొని చెప్పు రాజవ్వా" అంటాడు. తగ్గేదైతే ఇన్నాళ్లకు ఎందుకు చెప్తాను?

మా పనిలో పెద్ద భాగం ఫ్యాక్ట్ ఫైండింగ్. నిజనిర్ధారణ అని రాస్తారు. ఎవరైనా అనుమానంగా చనిపోయినా, ఠాణాలో దెబ్బలు తిన్నా, మేం పోయి చూసి, అడిగి, తేలినదాన్ని బయటపెడతాం. లాయర్ రవీందర్ సార్ పోలీసులతో మాట్లాడతాడు. పంతులు సార్ వాకిట్లో మగవాళ్లతో కూర్చుంటాడు. నేను లోపలికి, ఆడవాళ్ల దగ్గరికి పోతాను. పెళ్లిలో నన్ను పక్కకు నిలబెట్టే జనం చావింట్లో మాత్రం దారి ఇస్తారు. ముండమోసిన దానికి ఈ లోకం ఇచ్చిన మర్యాద అంతే. ఆ మర్యాదనే నేను పనికి వాడుకుంటాను.

ఆ రోజు పగలు రవీందర్ సార్ నా దుకాణం దగ్గరే బండి ఆపాడు. శంకర్ అనే కాంట్రాక్టు కార్మికుడు చనిపోయాడు, శవాన్ని అప్పుడే ఇంటికి తెచ్చారు, సాయంత్రంలోపు దహనం చేయాలని తొందరపెడుతున్నారు అని చెప్పాడు. శంకర్ పనిచేసేది సి.హెచ్.పి.లో. అంటే గని నుంచి వచ్చిన బొగ్గును పలగ్గొట్టి, బెల్టుల మీద నడిపించి, బంకర్లలో నింపి రైలుకెత్తే చోటు. బంకర్ అంటే ఇంత ఎత్తు ఇనుప గాదె అనుకోండి. అందులో బొగ్గు ఇరుక్కుంటే మనిషి దిగి పొడవాలి. దించేది పర్మనెంటు వాళ్లను కాదు, కాంట్రాక్టు వాళ్లను.

మేం పోయేసరికి ఇంటి ముందు చాప మీద శంకర్‌ను పడుకోబెట్టారు. ఉతికిన లుంగీ, ఉతికిన అంగీ. తల తడిగా ఉంది. భార్య రజిత కాళ్ల దగ్గర కూలబడి ఉంది, ఏడవడానికి కూడా ఆమెలో ఓపిక లేదు. తల్లి లచ్చవ్వ వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాగబెడుతోంది. శవానికి చివరి స్నానం పోసేది ఇంటివాళ్లే. మా దిక్కు అది ఎవరూ దాటని ఆచారం.

కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఒకడు చేతిలో పూలదండ పట్టుకొని పందిరి కింద నిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే పాఠం అప్పజెప్పాడు.

"ఇయ్యాల డ్యూటీకే రాలేదమ్మా. గేటు బయట రోడ్డు మీద వడదెబ్బ తాకి పడిపోయిండు. మా పోరగాళ్లు చూసి దవాఖానకు తీస్కపోయేలోపల పాణం పోయింది. మాకు సంబంధం లేకున్నా మానవత్వంతోని తెచ్చినం."

ఆ మానవత్వం అనే మాట వినగానే నాకు ఒళ్లు మండింది. కానీ నా పని లోపల ఉంది. వెళ్లి లచ్చవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసి, కొడుకు దగ్గరికి పోయి, తల మీద, అంగీ లోపల వీపు మీద చెయ్యి వేసి, ఆ చేతినే చూసుకుంటూ నిలబడిపోయింది. తర్వాత సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"నా కొడుక్కు నీళ్లెవలు పోసిన్రు?"

"వడదెబ్బ గదా అవ్వా, సల్లవడ్తడని మొఖమ్మీద జల్లినం."

"మొఖమ్మీద జల్లితే పెయ్యంత ఎట్ల నానింది? పెండ్లయిన కాన్నుంచి గీ పోరి దినాం నీళ్లు కాగవెట్టి వీని ఈపు రుద్దుతది. వాకిట్ల నల్లని నీళ్లు పారుతయి. డ్యూటీ కాంచి నా కొడుకు ఏనాడన్న తెల్లగొచ్చిండా?"

"డ్యూటీకి రాలేదంటున్న గదనే అవ్వా! అర్థం చేస్కో."

పర్మనెంటు కార్మికుడికి గని దగ్గర స్నానాల గది ఉంటుంది. కాంట్రాక్టు వాడికి అది కూడా లేదు. ఒళ్లంతా మసితోనే ఇంటికి రావాలి. కాబట్టి లచ్చవ్వ అడిగింది ఉత్త దుఃఖం మాట కాదు. నేను లేచి శంకర్ దగ్గర కూర్చున్నాను. చెవి వెనక చూశాను. నల్లగా గీత. గోళ్ల సందుల్లో నలుపు. రజితను అడిగి లుంగీ ముడి కొంచెం సడలించి మొలతాడు జరిపాను. దాని కింద నడుము చుట్టూ తడి బొగ్గుపొడి అట్టలా పేరుకుని ఉంది. పైపైన కడిగారు. మొలతాడు కింద కడగాలని దొంగలకు తట్టలేదు.

"రజితా, పొద్దుగాల ఇంట్లకెల్లి పోయేటప్పుడు గీ మసి ఉన్నదా?"

"నిన్న నేనే పోసిన కదవ్వా నీళ్లు. ఉతికిన డ్యూటీ బట్టలేస్కొని పోయిండు. గీ అంగి మాది కానే కాదు."

అప్పుడు నేను అనాల్సిన మాట అన్నాను. నా నోటితో నేను అన్న మాటల్లో అంతకంటే పాడు మాట ఇంకొకటి లేదు.

"లచ్చవ్వా, కొడుక్కు తానం పొయ్యకు."

ఆమె నన్ను కొట్టినంత పని చేసింది. "నీ నోట్ల మన్ను వడ! నా కొడుకును మసితోని కాటికి పంపాల్నా? గా ముచ్చట చెప్పెటందుకు వచ్చినవా నువ్వు?"

కులపెద్ద ఒకాయన అందుకున్నాడు. "ఏందమ్మా మీ సంఘపోళ్లు? కేసుల కోసం పీనుగను కూడ ఇడిసిపెట్టరా?" సూపర్‌వైజర్ వెంటనే, "గదే చెప్తున్న కాకా. జల్ది కానియ్యిండ్రి. ఎండలు మండుతున్నయి, శవం ఆగది" అన్నాడు. శవం ఆగదట! పనిలో మనిషి ఊపిరి ఆగితే వాడికి తొందర లేదు. ఆ ఒంటి మీద మసి మిగిలిందంటే మాత్రం తొందర.

నేను లచ్చవ్వ చెయ్యి పట్టుకొని ఆ మొలతాడు కింద పెట్టాను. "ముట్టి చూడు. డ్యూటీకి రాలేదంటున్నడు గదా. రానోని నడుముకు బొగ్గెక్కడిది? నువ్వు కాగుడు నీళ్లు పోస్తే ఇది గుడ మోరీల కలుస్తది. ఇగ వాడు చెప్పిందే నిజమైతది. నీ కోడలు జిందగీల ఏ ఆఫీసుకు పోయినా, నీ పెనిమిటి రోడ్డు మీద పడి సచ్చిండు పో అంటరు."

లచ్చవ్వ వేళ్లు నల్లబడ్డాయి. ఆ వేళ్లను ఆమె చూసుకుంది. తర్వాత గోడకు ఆనుకుని నిలబడ్డ తిరుపతి దగ్గరికి పోయింది. తిరుపతి రజితకు అన్న. శంకర్‌తో కలిసి అదే కాంట్రాక్టరు దగ్గర పని. శవం వెంట బండిలో వచ్చినవాడు అతనే. వచ్చినప్పటి నుంచి ఆ గోడ వదల్లేదు.

"బిడ్డా తిరుపతి, మొఖం జూడు నాది. నా కొడుక్కు నీళ్లెవలు పోసిన్రు?"

తిరుపతి సూపర్‌వైజర్ వైపు చూశాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. అందరం చూస్తుండగానే ఊపాడు, అంత ధైర్యం.

"నేనే పోసిన అత్తా," అన్నాడు తిరుపతి. గోడ మీద నుంచి జారి కింద కూర్చున్నాడు. "బంకర్ల దిగి బొగ్గు పొడుస్తున్నడు. మీది బెల్టు బందువెట్టకనే దిగుమన్నరు. బొగ్గు ఒక్కపారే మీద కూలింది. గుంజే లోపల అయిపాయె. దుమ్ము మీద నీళ్లు కొట్టే పైపు నా చేతికిచ్చి కడుగుమన్నరు. కడగకుంటే రేపటి కాంచి గేటు లోపలికి రావన్నరు. బావ మీద... బావ మీద పైపు వట్టిన అత్తా."

కులపెద్ద తల దించుకున్నాడు. సూపర్‌వైజర్ దండను చాప అంచున పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు. లచ్చవ్వ అతని వెనక పోలేదు, అరవలేదు. పొయ్యిలోంచి పుల్లలు బయటికి లాగింది. కాగు మీద మూత పెట్టింది.

"ఇగ ఎవలూ ముట్టకుండ్రి" అంది. ఆడవాళ్లందరం శంకర్ చుట్టూ కూర్చున్నాం.

రవీందర్ సార్ ఠాణాకు కబురు పెట్టాక ఎస్సై వచ్చాడు. ఇంక్వెస్టు చేస్తానన్నాడు. శవాన్ని సాక్షుల ముందు చూసి ఎట్లా ఉందో రాసుకోవడం, మనవాళ్లు పంచనామా అంటారు. సాక్షులుగా తెచ్చింది ఎవరినో తెలుసా? కాంట్రాక్టరు దగ్గరి మనుషులనే. రవీందర్ సార్ అడ్డం నిలబడి, "సాక్షులు బస్తీవాళ్లు ఉండాలె. నడుముకున్న బొగ్గు రాయాలె. ఫోటోలు తియ్యాలె" అన్నాడు.

ఎస్సైకి చిరాకు. "ఇది కోల్‌బెల్టు ఏరియా వకీల్ సాబ్. ఈడ అందరి ఒంటి మీద బొగ్గుంటది."

నాకు నోరాగలేదు. "మరి నీ పెయ్యి మీద లేదేంది సారూ? నువ్వు గుడ ఈడనే ఉంటున్నవు గదా. జర మొలతాడు జరిపి చూపియ్యరాదు?"

ఆడవాళ్లు నవ్వారు. చావింట్లో, శవం పక్కన, ఏడ్పుల మధ్య నవ్వారు. ఆ నవ్వుకు ఎస్సై ముఖం మాడిపోయింది. నా మీద కేసు పెడతానన్నాడు. పెట్టమన్నాను. మేం లేవకుండా కూర్చున్నాం. పంతులు సార్ తెలిసిన విలేకరులందరికీ ఫోన్లు చేశాడు. కెమెరాలు వచ్చాక గానీ బొగ్గు ఎస్సై కంటికి కనబడలేదు. కనబడ్డాక రాసుకున్నాడు, బస్తీవాళ్లనే సాక్షులుగా పెట్టుకున్నాడు, శవాన్ని సర్కారు దవాఖానకు పంపాడు.

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు దాచలేదు. గొంతులో, ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి ఉందని రాశాడు. ఎంత పైపు పెట్టి కడిగినా మనిషి ఊపిరి లోపలిదాకా నీళ్లు పోవు కదా. తిరుపతి మేజిస్ట్రేటు ముందు కూడా అదే మాట చెప్పాడు. వడదెబ్బ కేసు నిర్లక్ష్యంతో చంపిన కేసు అయింది. శంకర్ డ్యూటీలోనే పోయాడని కాగితాల మీదికి ఎక్కింది. రజితకు రావాల్సిన డబ్బులు కొట్లాడగా కొట్లాడగా వచ్చాయి.

మేం గెలిచామని సభలో చెప్పుకున్నాం. నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. తిరుపతిని అన్నట్టే గేటు లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు మంచిర్యాలలో హమాలీ పని చేస్తున్నాడు. కాంట్రాక్టరు తమ్ముడి పేరు మీద బోర్డు మార్చుకొని అదే బంకర్ల దగ్గర పని చేయిస్తున్నాడు. ఆ సూపర్‌వైజర్ మార్కెట్లో నా ముందు నుంచే బండి మీద పోతుంటాడు. ఒక మనిషి చావును కడిగేయడానికి అతని భార్య అన్న చేతికే పైపు ఇచ్చినవాడు ఒక్క రోజు కూడా జైలులో పడుకోలేదు. ఈ దేశంలో చట్టం లేదని నేననను. ఉంది. కానీ చచ్చినవాడి ఇంటివాళ్లు శవం చుట్టూ కాపలా కూర్చుంటే తప్ప అది రాదు.

ఈ కేసు నుంచి మా శాఖ నేర్చుకున్నది ఒకటుంది. ఇప్పుడు ఏ కార్మికుడు పోయినా రవీందర్ సార్ ఠాణాకు పోకముందే నన్ను ఆ ఇంటికి పంపుతాడు. నీళ్లు కాగకముందే నేను అక్కడ ఉండాలి. ఆ పాడు మాట మళ్లీ అనాలి. అప్పటి నుంచి ఎన్నో వాకిళ్లలో అన్నాను. ప్రతిచోటా ఎవరో ఒక తల్లి నన్ను శపిస్తుంది. శపించనీ. ఆ శాపం నాది కాదు, ఆ మాట నాతో అనిపిస్తున్నవాళ్లది.

పోస్ట్‌మార్టమ్ తర్వాత మర్నాడు శంకర్‌ను ఇంటికి తెచ్చారు. కుట్లు వేసి, తెల్లగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కట్టి ఇచ్చారు. విప్పొద్దన్నారు. లచ్చవ్వ విప్పలేదు. కాగు మూత తీసింది. నిన్న కాగబెట్టిన నీళ్లే, చల్లారిపోయి ఉన్నాయి. రజిత చెంబుతో ముంచి అందించింది, లచ్చవ్వ పోసింది. తల దగ్గర మొదలుపెట్టి కాళ్ల దాకా, వీపు రుద్దినట్టు ఆ ప్లాస్టిక్‌ను అరచేత్తో రుద్దుతూ పోసింది. నీళ్లు జారి వాకిట్లో పారాయి.

లచ్చవ్వ వంగి ఆ నీళ్లను చూసింది.

"తెల్లగనే వోతున్నయి రాజవ్వా," అంది. "నా కొడుకును తాకనే లేదు."