ఖాలా కట్టిన తాయెత్తు

పిల్లల్నీ మనవల్నీ పెంచాకే నాకు అక్షరాలు నేర్చుకునే తీరిక దొరికింది. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

పోలీసు చర్య తర్వాత ముస్లింల ఇళ్లలో భయం నిండిన రోజులవి. రైలు కార్ఖానా ఉన్న లాలాగూడలో, చిన్నపిల్లనైన నాకు జ్వరం వస్తే, పక్కింటి ముస్లిం ముసలామె నా చేతికి తాయెత్తు కట్టింది. ఆమెను మేము ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఆ మధ్యాహ్నం జ్వరంలో, రైలింజన్లు పట్టాలు విడిచి మా ఇంటి కప్పు మీద చప్పుడు లేకుండా నడిచాయి. వాటి మధ్య ఖాలా ఒంటరిగా వెళ్తోంది.

కళ్లు తెరిస్తే, నిజంగానే మూట పట్టుకుని మా గుమ్మంలో ఉంది.

“ఈడ భయమైతున్నది బేటీ, పట్నంల తమ్ముని ఇంటికి పోత.”

అమ్మ అడ్డం నిలబడింది. “జ్వరం దిగినంక కట్టినోళ్లే ఇప్పాలంటివి గద? అప్పటిదాంక ఎట్ల పోతవ్ ఖాలా? మా ఇంట్లనే ఉండు.”

ఖాలా మూట దించింది.

మర్నాడు పొద్దున నా ఒళ్లు చల్లబడింది. తాయెత్తు విప్పడానికి ఖాలా దగ్గరికి వస్తుంటే, దుప్పటి కప్పుకుని వణకడం మొదలుపెట్టాను.